కనిపించని వైకల్యం - తిరస్కరించిన సర్టిఫికెట్ - మన కర్తవ్యం

వికలాంగులు అనగానే మనకు చేతికర్ర, మూడు చక్రాల బండి, నల్ల కళ్లద్దాలు గుర్తుకొస్తాయి. కానీ కంటికి కనపడని వైకల్యాలు కూడా ఉన్నాయి. వాటిలో ఆటిజం ఒకటి. కాళ్లూ చేతులూ బాగానే ఉండి, చదువు కూడా ఉన్న మనిషి "నాకు వైకల్యం ఉంది" అని ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ల ముందు కూర్చుంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. నమ్మకపోతే చట్టం ఏ దారి చూపిస్తోంది? ఆ దారిలో హాస్టల్ విద్యార్థులుగా మనం ఏం చేయగలం? ఈ వ్యాసంలో వివరించాలనుకున్నది ఇదే.

మేము ఈ హాస్టల్‌లో పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి తరం మేమే. ఆఫీసులో ఇచ్చిన కాగితానికి అర్థమేమిటో ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు మాకు లేదు. మనలో చాలామంది పరిస్థితి అదే. మాతోపాటు ఇక్కడే చదివిన ఒక మిత్రుడి కోసం ఆసుపత్రి, మీసేవ, కలెక్టరేట్ చుట్టూ తిరిగి మేము తెలుసుకున్నది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం. అతని అనుమతితోనే రాస్తున్నాం. పేరు, ఊరు మాత్రం రాయడం లేదు.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం జబ్బు కాదు, పిచ్చి కాదు. అది మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా. ఎదుటి మనిషి మాటలో దాగిన అర్థం, ముఖంలో భావం వెంటనే పట్టుకోలేకపోవడం, మాట కలపడం కష్టం కావడం, చేసే పని రోజూ ఒకే వరుసలో జరగాలనుకోవడం, కొన్ని శబ్దాలు, వాసనలు, వెలుతురు భరించలేకపోవడం దీని ముఖ్య లక్షణాలు. అందరిలో ఒకేలా ఉండదు. కొందరికి మాటే రాదు. కొందరు ధారాళంగా మాట్లాడతారు, ర్యాంకులు కూడా తెచ్చుకుంటారు. కానీ బస్సు రూటు మారితే, గది మారితే రోజంతా కుదేలైపోతారు. తెలివి వేరు, ఆటిజం వేరు. మార్కులు వచ్చినంత మాత్రాన ఆటిజం లేదని చెప్పడానికి వీల్లేదు.

ఇది పిల్లల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లలు పెరిగి పెద్దవుతారు, ఆటిజం కూడా వారితోనే ఉంటుంది. మన ఊళ్లలో చిన్నప్పుడు గుర్తించేవారు లేక "వీడు మూగమొద్దు", "వాడొక తిక్క" అని పేర్లు పెట్టి వదిలేసిన వారిలో కొందరు ఇప్పుడు మన వయసువాళ్లే.

చట్టంలో ఎప్పుడు చేరింది?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. అందులో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు చేరింది. ఆటిజాన్ని కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని కేంద్రం 2016 ఏప్రిల్‌లో ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం ఒకటి.

ఈ చట్టంలో 40 శాతం అనే గీత ముఖ్యం. 40 శాతం, ఆపైన ఉంటే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. ఉద్యోగాల 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి కలిపి కేటాయించారు. పింఛనుకు కూడా సర్టిఫికెట్‌లోని శాతమే ఆధారం. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచారు. కూలికి పోయే ఇంట్లో ఈ మొత్తం ఎంత విలువైనదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొలత ఎలా జరుగుతుంది?

ఇది తెలియకపోతే అప్పీలు చేయడం కష్టం. కావున కొంచెం ఓపికగా చదవండి.

ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో ఐఎస్ఏఏ అనే కొలమానం వాడతారు. అంటే ఆటిజం అంచనాకు తయారైన భారతీయ కొలమానం. ఇందులో 40 అంశాలు, ఆరు విభాగాలు ఉంటాయి. ఇతరులతో సంబంధాలు 9 అంశాలు, భావోద్వేగాలు 5, మాట, భాష 9, ప్రవర్తన 7, ఇంద్రియాల స్పందన 6, ఆలోచన, ధ్యాస 4. ప్రతి అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. లక్షణం కనిపించే సమయం 20 శాతం లోపు ఉంటే 1, 21 నుంచి 40 అయితే 2, 41 నుంచి 60 అయితే 3, 61 నుంచి 80 అయితే 4, అంతకు మించితే 5. అన్నీ కలిపితే కనిష్ఠం 40, గరిష్ఠం 200.

మొత్తం 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదని లెక్క. 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. పరీక్షలో 35 మార్కుల మాదిరిగా ఇక్కడ 70 అన్నమాట.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ కొలమానం అడుగుతున్నది "ఈ పని చేయగలడా, లేదా" అని కాదు, "ఈ ఇబ్బంది ఎంత తరచుగా వస్తుంది" అని. పావుగంట ఎదురుగా కూర్చున్న డాక్టరుకు "ఎంత తరచుగా" అనేది కళ్లతో చూసి తెలిసే అవకాశం లేదు. అందుకే వెంట వచ్చినవారిని అడుగుతారు. ఆ వచ్చినవారికి ఎంత తెలుసన్న దాని మీదే మార్కులు చాలావరకు ఆధారపడతాయి.

పెద్దవాళ్లకు దెబ్బ ఎక్కడ తగులుతుంది?

మొదటిది, కొలమానంలోని కొన్ని అంశాలు పిల్లలను దృష్టిలో పెట్టుకున్నట్టు ఉంటాయి. ఒంటరిగా ఒకే ఆట ఆడుకోవడం, మారాం చేయడం వంటివి. ఇరవై దాటిన మనిషి మారాం చేయడు. లోపల అంతే ఒత్తిడి ఉన్నా గది తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. అడిగే ప్రశ్నకు "లేదు" అని జవాబిస్తే 1 మార్కే పడుతుంది.

రెండోది, పెద్దయ్యేసరికి చాలామంది తమ ఇబ్బందిని దాచుకోవడం నేర్చుకుంటారు. కళ్లలోకి చూడలేకపోతే నుదుటి వైపు చూస్తారు. నలుగురూ నవ్వినప్పుడు నవ్వుతారు. ఆసుపత్రిలోనూ అలవాటు కొద్దీ అలాగే చేస్తారు.

మూడోది, అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పడం. "ఒంటరిగా ప్రయాణం చేస్తావా?" అంటే "చేస్తానండి" అంటారు. ముందురోజు బస్టాండుకు వెళ్లి ఏ ప్లాట్‌ఫారమో చూసి వచ్చి, ఆ రాత్రి నిద్రపోకుండా, ఆ ఒక్క బస్సే ఎక్కుతారని అడగరు కాబట్టి చెప్పరు.

నాలుగోది మన హాస్టల్ పిల్లలకే ప్రత్యేకం. పదేళ్ల వయసు నుంచి హాస్టల్‌లో ఉన్న కుర్రాడిని తల్లిదండ్రులు దసరాకు, సంక్రాంతికి, వేసవి సెలవులకే చూస్తారు. ఇంట్లో గంటలు మోగవు, మెస్ క్యూ ఉండదు, గదిలో ఇరవై మంది ఉండరు. "మావాడు చాలా నెమ్మదస్తుడు సార్, ఏ గొడవా పెట్టుకోడు" అని ఆ తల్లి చెప్పేది నిజమే. కానీ అది సెలవుల నిజం.

మా మిత్రుడి విషయం

మా మిత్రుడికి అచ్చంగా ఇలాగే జరిగింది. బీకాం మంచి మార్కులతో పాసయ్యాడు. రెండు ప్రైవేటు ఉద్యోగాల్లో ఇంటర్వ్యూలోనే ఆగిపోయాడు. ఒకచోట చేరినా ఫోన్ల మోతకు తట్టుకోలేక వారం రోజుల్లో మానేశాడు. ఒక సైకియాట్రిస్టు పరీక్షించి ఆటిజం అని చెప్పాక మీసేవలో సదరం స్లాటు తీసుకుని, వాళ్లమ్మతో క్యాంపుకు వెళ్లాడు. "ఏం బాబూ, డిగ్రీ చదివావుగా, నీకేముంది?" అన్నది మొదటి ప్రశ్న. పావుగంటలో అయిపోయింది. 64 మార్కులు వేశారు. ఆటిజం లేదన్నారు. కారణం రాసిన కాగితం ఏదీ ఇవ్వలేదు.

వాళ్లమ్మ కన్నీళ్లు పెట్టుకుని "పోనీలే అయ్యా, మన రాత" అంది. మేము మాత్రం ఆ 64 ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకున్నాం. సమాచార హక్కు చట్టం కింద అతనితోనే దరఖాస్తు పెట్టించి మార్కుల పత్రం నకలు తెప్పించాం. మార్పు సహించలేకపోవడం అనే అంశానికి 2 వేసి ఉంది. అప్పుడు అతనితో ఒకే గదిలో ఉంటున్న మా ఇద్దరికీ ఒక ఆలోచన వచ్చింది. రెండు వారాలపాటు రోజూ రాసుకుందాం అనుకున్నాం. అనుకున్న వరుస తప్పినందుకు అతను భోజనం మానేయడమో, గంటలకొద్దీ మాట్లాడకపోవడమో జరిగిన రోజులు 14లో 11. అంటే దాదాపు 79 శాతం. కొలమానం ప్రకారమే దానికి 4 పడాలి. శబ్దం విషయంలో, నలుగురిలో కలవలేకపోవడంలో కూడా ఇలాంటి తేడాలే కనిపించాయి.

ఈ హాస్టల్ వార్డెన్ సార్ కూడా ఒక ఉత్తరం రాసిచ్చారు. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా అదే మూల మంచం, గది మార్చినప్పుడు మూడు రోజులు అన్నం ముట్టకపోవడం, గంట కొట్టినప్పుడల్లా చెవులు మూసుకోవడం, అన్నేళ్లలో ఒక్కరితో కూడా ఆటలో చేరకపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. వాళ్లమ్మను అడిగి మూడేళ్లలోపు సంగతులు కూడా రాశాం. ఎందుకంటే ఆటిజం సాధారణంగా మొదటి మూడేళ్లలోనే బయటపడుతుందని చట్టమే చెబుతోంది. ఇవన్నీ జతచేసి అప్పీలు పెట్టాం. ఏడు నెలల తర్వాత వేరే బోర్డు ముందు మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి గదిలోకి వాళ్లమ్మతోపాటు మాలో ఒకరిని కూడా రానిచ్చారు. 83 వచ్చింది. సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి అతను ఎదురుచూసిన ఉద్యోగ నోటిఫికేషన్ గడువు దాటిపోయింది. ఆ నష్టం తిరిగి రాదు. వచ్చే నోటిఫికేషన్ కోసం ఇప్పుడు చదువుతున్నాడు.

తిరస్కరిస్తే వరుసగా చేయవలసినవి

1. కారణం రాతలో అడగాలి. 2017 నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలు చూపుతూ ఫారం 8లో రాతపూర్వకంగా తెలపాలి. నోటి మాట చాలదు. ఇవ్వకపోతే ఆసుపత్రి సూపరింటెండెంటుకు దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి.

2. మార్కుల పత్రం తెచ్చుకోవాలి. సమాచార హక్కు చట్టం 2005 కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 40 అంశాలకూ విడివిడిగా వేసిన మార్కులు కావాలని స్పష్టంగా రాయాలి. అడిగేది తన రికార్డే కాబట్టి దరఖాస్తు ఆ వ్యక్తి పేరు మీదే ఉండాలి.

3. అప్పీలు చేయాలి. 2016 చట్టంలోని 59వ సెక్షన్ ఈ హక్కు ఇచ్చింది. ఎవరికి, ఎన్నాళ్లలో చేయాలన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కావున మీ జిల్లాలో అప్పీలు అధికారి ఎవరని జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. నెల దాటకుండా అప్పీలు ఇచ్చేయడం మంచిది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కూడా ఒక నకలు ఇచ్చి రసీదు తీసుకోండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించి నోటీసులు ఇచ్చినప్పుడు కూడా అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు. నోటీసు వచ్చిందంటే కథ అయిపోయిందని అర్థం కాదు.

4. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం వంటి విషయాల్లో ఈ కమిషనర్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలు ఉన్నాయి.

5. చివరి మెట్టు హైకోర్టు. 2024 అక్టోబరులో ఓంకార్ రామచంద్ర గోండ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది ఎంబీబీఎస్ సీటు కేసు. శాతం అంకె ఒక్కటే చూసి అభ్యర్థిని తోసిపుచ్చకూడదని, బోర్డు కారణాలు నమోదు చేయాలని, అప్పీలు వ్యవస్థ ఏర్పడేదాకా బోర్డు ఇచ్చే వ్యతిరేక నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయవచ్చని ఆ తీర్పు సారాంశం. మనది సర్టిఫికెట్ విషయమైనా "కారణం చెప్పాలి" అన్న సూత్రం మనకూ బలమే.

6. లాయరు ఫీజుకు భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

అప్పీలు కాగితం ఎలా రాయాలి?

"మాకు అన్యాయం జరిగింది, దయచేసి న్యాయం చేయండి" అని రాస్తే చదివేవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఏ అంశానికి ఎన్ని మార్కులు వేశారు, ఎంత పడాలి, దానికి రుజువు ఏమిటి, ఈ మూడు వరుసలతో పట్టిక గీయండి. ప్రతి అంశానికి తేదీలతో ఉదాహరణ ఇవ్వండి. "శబ్దం అంటే భయం" అని రాయకుండా "14 రోజుల్లో 9 రోజులు మెస్‌లో జనం తగ్గేదాకా భోజనానికి రాలేదు" అని రాయండి. "చేయగలడు" అని రాయవలసి వచ్చిన ప్రతిచోటా, ఎంత సాయంతో, ఎంతసేపట్లో, చేశాక ఎంత అలసటతో అన్నది కూడా రాయండి. చిన్నప్పటి సంగతులు తల్లిదండ్రుల నుంచి, బడి సంగతులు టీచర్ల నుంచి, రోజువారీ సంగతులు గదిలో ఉండేవారి నుంచి సంతకాలతో తీసుకోండి. మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు దగ్గరగా చూసిన మనిషి ఒకరు వెంట ఉండాలి. జవాబులు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లి డాక్టరు గారికి ఇవ్వడంలో తప్పేమీ లేదు.

రెండు జాగ్రత్తలు

ఉన్నది ఉన్నట్టే రాయాలి. లేనిది ఉన్నట్టు చూపి వికలాంగుల సౌకర్యాలు పొందితే 2016 చట్టం 91వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. "ఇంత ఇస్తే శాతం వేయిస్తా" అనే బ్రోకర్లను దగ్గరకు రానీయవద్దు. బోగస్ సర్టిఫికెట్లు పెరిగేకొద్దీ నిజంగా అర్హులైనవారి మీదే అనుమానం పెరుగుతుంది.

రెండోది, సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్నది ఆ వ్యక్తి ఇష్టం. పెళ్లి సంబంధాలు, ఊళ్లో మాటలు, ఇంకా ఎన్నో ఆలోచించుకునేది ఆ వ్యక్తే. మనం తోడు వెళ్లాలి కానీ లాక్కుని వెళ్లకూడదు. మన నోటితో అతని విషయం నలుగురిలో పెట్టకూడదు.

హాస్టల్‌గా మన కర్తవ్యం

హాస్టల్ జీవితంలో మనం ఒకరినొకరం చూసినంత దగ్గరగా మనల్ని కన్నవాళ్లు కూడా చూడలేదు. ఎవరు ఏ కూర ముట్టరో, ఎవరు కరెంటు పోతే వణికిపోతారో, ఎవరు స్టడీ అవర్‌లో ఒకే లైను వందసార్లు రాస్తారో మనకు తెలుసు. దాన్ని ఇన్నాళ్లూ ఆటపట్టించడానికి వాడుకున్నాం. అదే సంగతి తేదీ వేసి సంతకం పెట్టి ఇస్తే ఒక మనిషి బతుకుకు ఆధారమవుతుంది. ఆటిజం ఉన్న మనిషి తన ఇబ్బంది తాను చెప్పుకోలేకపోవడమే ఆటిజంలో ఒక భాగం. అలాంటప్పుడు పక్క మంచం మీద పడుకున్నవాడి సాక్ష్యమే ఆ మనిషికి గొంతు.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మనవి. మీ గదిలో ఎవరైనా ఇలా కనిపిస్తే పేర్లు పెట్టకండి. వార్డెన్ గారికి నెమ్మదిగా చెప్పండి. వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు మా విన్నపం. అడ్మిషన్ రిజిస్టరు పక్కన ఇలాంటి పిల్లల గురించి ఏడాదికి ఒక పేజీ రాసి ఉంచండి. పదేళ్ల తర్వాత ఆ పేజీ కోసం ఒకరు వెతుక్కుంటూ రావచ్చు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు సెలవు రోజు ఒక గంట కేటాయించి అప్పీలు కాగితాలు చూసి పెట్టగలిగితే, ఏడు నెలల పని మూడు నెలల్లో అయ్యే అవకాశం ఉంది. ఆ తేడాలో ఒక ఉద్యోగ నోటిఫికేషన్ అందుకోవచ్చు.